గట్టిగా నొక్కితే పలికే మీట

టి.వి. రిమోటు పనిచేయనప్పుడు మన ఇండ్లలో జరుగు మొదటి చికిత్స దానిని అరచేతిపై రెండు దెబ్బలు కొట్టుట. రెండవ చికిత్స మీటను బొటనవ్రేలితో మరింత గట్టిగా అదుముట. చిత్రమేమనగా, ఈ రెండవ చికిత్స చాలసార్లు ఫలించును. చేతిలో పట్టుకొని ఆడుకొను వీడియో ఆటయంత్రముల విషయములోను ఇంతే. ఎడమ వైపునకు జరుపు మీట మొదట అప్పుడప్పుడు తప్పును. పిల్లవాడు గట్టిగా నొక్కి పని జరుపుకొనును. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఎంత నొక్కినను పలుకదు. అంతట యంత్రము చెడిపోయినదని తీర్మానించి పెద్దలు దానిని అటకపై పడవేయుదురు, లేదా పాత సామానులు కొనువారికి తూకమునకు ఇచ్చివేయుదురు.

మెల్లగా నొక్కిన పలుకని మీట, గట్టిగా నొక్కిన ఎందుకు పలుకును? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము తెలిసినచో పై తీర్మానము తొందరపాటని తెలియును. చాల సందర్భములలో యంత్రము చెడలేదు. కంటికి సరిగా కనిపించని ఒక మురికి పొర దారికి అడ్డు నిలిచినది, అంతే. దానిని కనుగొనుటకును, తొలగించుటకును ఉన్నత పాఠశాలలో చదువుకొను ఓమ్ నియమము, ఒక స్క్రూడ్రైవరు, కొంచెము ఓపిక చాలును.

ఆటయంత్రము వచ్చిన దారి

చేతి ఆటయంత్రములకు లెక్కలు చేయు కాల్‌క్యులేటరు దగ్గర చుట్టము. 1970ల చివరికి కాల్‌క్యులేటరులలో వాడు ద్రవస్ఫటికపు తెరలు, చిప్పులు చవుక అయినవి. జపాను దేశపు నింటెండో సంస్థలో పనిచేయుచుండిన గున్‌పే యొకోయి ఆ చవుక వస్తువులనే ఆటకు వినియోగింపవచ్చునని గ్రహించెను. 1980లో ఆ సంస్థ 'గేమ్ అండ్ వాచ్' అను చిన్న ఆటయంత్రమును విడుదల చేసినది. 1982లో వచ్చిన 'డాంకీ కాంగ్' ఆటయంత్రములో కూడిక గుర్తు ఆకారము గల దిక్కుల మీట మొదటిసారిగా కనిపించినది. 1989లో 'గేమ్ బాయ్' వచ్చినది. దానికి నాలుగు పెన్సిలు సెల్లులు, ఎనిమిది మీటలు.

1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ రూపొందించిన 'టెట్రిస్' ఆట, పైనుండి పడు ఇటుకలను పేర్చు ఆట, గేమ్ బాయ్‌తోపాటు లోకమంతట ప్రాకినది. 1990ల దశకములో మన దేశపు బొమ్మల దుకాణములకు 'బ్రిక్ గేమ్' పేరుతో వచ్చిన చవుక యంత్రములు దానిని అనుకరించినవే. పటాన్‌చెరు, రామచంద్రాపురము, సంగారెడ్డి ప్రాంతపు కార్మికుల ఇండ్లలో నేటికిని అటకలు దులిపిన ఒకటి రెండు దొరకవచ్చును. వెల వేరైనను, పేరు వేరైనను, వీటిలో అత్యధిక భాగము మీటల నిర్మాణము ఒక్కటే. టి.వి. రిమోటులో, కాల్‌క్యులేటరులో ఉన్నదియు అదే. కావున ఒకదానిని అర్థము చేసికొన్న అన్నిటిని అర్థము చేసికొన్నట్లే.

మీట లోపల నాలుగు పొరలు

యంత్రము మూత విప్పి చూచినచో మీట క్రింద ఈ వస్తువులు వరుసగా కనిపించును.

మొదటిది, మన వ్రేలికి తగులు ప్లాస్టిక్ తల. దీనికి విద్యుత్తుతో పనిలేదు. రంధ్రములో పైకిని క్రిందికిని కదలుటయే దీని పని.

రెండవది, మెత్తని సిలికోన్ రబ్బరు పలక. ప్రతి మీట క్రింద ఈ పలక చిన్న గుమ్మటమువలె ఉబ్బి ఉండును. నొక్కినప్పుడు గుమ్మటము క్రుంగును, విడిచినప్పుడు తిరిగి లేచును. మన వ్రేలికి తెలియు 'టిక్కు'మను స్పర్శ ఈ క్రుంగుట వలన కలుగునదే. వేరుగా స్ప్రింగు ఉండదు.

మూడవది, గుమ్మటము లోపలి కప్పునకు అంటియున్న నల్లని గుండ్రని బిళ్ళ. పెసరగింజంతో, శనగబద్దంతో ఉండును. ఇదియు రబ్బరే గాని, ఇది విద్యుద్వాహకము.

నాలుగవది, దాని క్రింద సర్క్యూట్ బోర్డుపై ఉన్న తాకుడు గుర్తు. రెండు దువ్వెనలను పండ్లు ఒకదానిలో ఒకటి దూరునట్లు ఎదురెదురుగా ఉంచి, పండ్లు మాత్రము తాకకుండ చూచినచో ఎట్లుండునో ఈ గుర్తు అట్లుండును. ఒక దువ్వెన ఒక తీగకు, రెండవది ఇంకొక తీగకు చేరును. దువ్వెనలు రాగితో చేసినవి. రాగి గాలిలో నల్లబడకుండుటకు దానిపై బంగారపు పలుచని పూత గాని, నల్లని కర్బనపు సిరా గాని వేయుదురు.

నొక్కినప్పుడు నల్లని బిళ్ళ దువ్వెనలపై కూర్చుండి రెంటిని కలుపును. వలయము పూర్తియగును. విడిచినప్పుడు వలయము తెగును. మీట చేయు పని ఇంతకు మించి లేదు.

రబ్బరు విద్యుత్తును మోయుట ఎట్లు?

రబ్బరు విద్యుద్బంధకమని మనము పాఠములో చదువుదుము. విద్యుత్తు పనివారు రబ్బరు తొడుగులు వాడుట అందుకే. అట్లయిన ఈ బిళ్ళ వాహకమెట్లయినది?

జవాబు సంగారెడ్డి జిల్లా రోడ్లపై ప్రతిదినము దొరలుచున్నది. సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారము కలదు. టైరు నల్లగా ఉండుటకు కారణము అందులో కలుపు 'కార్బన్ బ్లాక్' అను మిక్కిలి మెత్తని మసి. దీని కణములు మీటరులో కోటి భాగములకు అటు ఇటుగా ఉండును. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో టైర్లు లేత రంగులో ఉండెడివి. మసి కలుపుటతో రబ్బరు అరుగుదలకు బాగుగా ఓర్చుకొనునని తెలిసిన పిమ్మట అవి నల్లబడినవి. టైరులో మసి బలము కొరకు. మీట బిళ్ళలో అదే మసి విద్యుత్తు కొరకు.

కొద్దిగా మసి కలిపినంత మాత్రమున రబ్బరు వాహకము కాదు. వాగును దాటుటకు రాళ్ళు వేయుట ఊహింపుడు. పది రాళ్ళను అక్కడొకటి ఇక్కడొకటి విసరిన దాటలేము. వేయగా వేయగా ఒక దశలో ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డు వరకు కాలు మోపుటకు వీలుగా రాళ్ళవరుస ఒకటి ఏర్పడును. అంతకు ముందు దారి లేదు, ఆ తరువాత ఉన్నది. రబ్బరులో మసి కణములును అట్లే. వాటి పాలు ఒక హద్దు దాటగానే కణమును తాకి కణము, ఒక అంచునుండి ఇంకొక అంచునకు గొలుసు ఏర్పడును. అప్పుడు నిరోధము ఒక్కసారిగా పడిపోవును. మంచి బిళ్ళపై మల్టీమీటరు సూదులు రెండును ఆనించినచో సాధారణముగా కొన్ని వందల ఓములకు లోపుగా నిరోధము కనిపించును. రాగితీగతో పోల్చిన ఇది ఎక్కువే. కాని మీట పనికి ఇది చాలును. ఎందుకు చాలునో తరువాత లెక్క చెప్పును.

తాకినట్లుండి తాకకుండుట

రెండు వస్తువులు తాకినవి అన్నప్పుడు నిజముగా ఎంత భాగము తాకినది? పనసకాయపై పనసకాయ పెట్టినట్లు ఊహింపుడు. దూరమునకు రెండును ఆనుకొన్నట్లే ఉండును. దగ్గరకు వచ్చి చూచిన కొన్ని ముండ్ల కొనలు మాత్రమే తాకుచుండును. ఎంత నునుపైన తలమైనను సూక్ష్మముగా చూచినచో గుట్టలు, లోయలే. విద్యుత్తు ఆ తాకిన కొనలగుండా మాత్రమే పోవలెను. స్వీడన్ దేశీయుడు రాగ్నర్ హోల్మ్ ఇరువదవ శతాబ్దములో ఈ విషయమును జీవితకాలము పరిశోధించి విద్యుత్ స్పర్శల శాస్త్రమునకు పునాది వేసెను.

ఒత్తిడి పెంచినచో ఏమగును? కొనలు నలిగి వెడల్పగును. అంతవరకు తాకని కొనలు కొన్ని కొత్తగా తాకును. దారులు పెరిగినకొలది నిరోధము తగ్గును. శుభ్రమైన మీటలో ఈ భేదము పట్టింపునకు రాదు. మెల్లని స్పర్శయే చాలును. కాని రెంటి నడుమ జిడ్డు పొర చేరినచో చాల కొనలు ఆ పొరపైననే ఆగిపోవును. గట్టిగా నొక్కినప్పుడు కొన్ని కొనలు మాత్రము పొరను చీల్చుకొని అవతలికి చేరును. మొదట వేసికొన్న ప్రశ్నకు ఇదియే సమాధానము. గట్టిగా నొక్కిన పలుకు మీట తన జబ్బు పేరు తానే చెప్పుచున్నది: లోపము తీగలో లేదు, చిప్పులో లేదు, తాకుడు తలములపై ఉన్నది.

లెక్క చూతము

చిప్పు మీటను ఎట్లు చదువునో చూచిన ఇది స్పష్టమగును. ఉదాహరణకు యంత్రము 5 వోల్టులపై పనిచేయుచున్నదనుకొందము. చిప్పు లోపలికి పోవు తీగను 10,000 ఓముల స్థిర నిరోధకము ద్వారా 5 వోల్టులకు కట్టి ఉంచుదురు. మీట నొక్కినప్పుడు అదే తీగ, బిళ్ళ ద్వారా, సున్న వోల్టుల తీగకు చేరును. చిప్పు తన తీగపై వోల్టేజి సరఫరాలో నూటికి 30 పాళ్ళకు తక్కువైన, అనగా 1.5 వోల్టులకు తక్కువైన, మీట నొక్కబడినదని గ్రహించును. నూటికి 70 పాళ్ళకు ఎక్కువైన, అనగా 3.5 వోల్టులకు ఎక్కువైన, నొక్కబడలేదని గ్రహించును. నడుమ ఉన్న వోల్టేజికి నమ్మకమైన అర్థము లేదు.

స్థిర నిరోధకము, మీట నిరోధము వరుసగా ఉన్నవి గనుక, చిప్పు తీగపై వోల్టేజి కనుగొనుటకు మీట నిరోధమును మొత్తము నిరోధముచే భాగించి 5చే హెచ్చించవలెను.

మీట శుభ్రముగా ఉండి నిరోధము 200 ఓములైనచో, 200ను 10,200చే భాగించి 5చే హెచ్చించగా సుమారు 0.1 వోల్టు వచ్చును. ఇది 1.5కు చాల తక్కువ. మీట పలుకును. బిళ్ళకు రాగియంత వాహకత అక్కరలేకపోవుటకు కారణమిదే.

మురికి పట్టి, మెల్లగా నొక్కినప్పుడు నిరోధము 30,000 ఓములైనదనుకొందము. 30,000ను 40,000చే భాగించి 5చే హెచ్చించగా 3.75 వోల్టులు. వ్రేలు మీటపై ఉన్నను చిప్పునకు మాత్రము ఎవ్వరును నొక్కనట్లే.

కొంచెము అదిమినప్పుడు 10,000 ఓములైన 2.5 వోల్టులు వచ్చును. ఇది నమ్మరాని నడిమి ప్రదేశము. ఒకసారి పలుకును, ఒకసారి పలుకదు. ఒక్కొక్కప్పుడు ఒక నొక్కునకు రెండుసార్లు పలుకుటయు కలదు.

గట్టిగా అదిమి నిరోధమును 3,000 ఓములకు తెచ్చినచో సుమారు 1.15 వోల్టులు. మీట మరల పలికినది!

ఈ లెక్కలో హద్దు సుమారు 4,300 ఓముల వద్ద వచ్చును. విద్యార్థులు దానిని తామే సాధించి చూడవచ్చును. యంత్రమును బట్టి అంకెలు మారును గాని కథ మారదు. మురికి దినదినము పెరిగి, ఎంత అదిమినను నిరోధము ఈ హద్దుకు దిగిరాని దినమున మీట 'చచ్చిపోవును'.

ఇక్కడ ఇంకొక విషయము గమనింపదగినది. పటాన్‌చెరు కర్మాగారములలో మోటార్లను నడుపు పెద్ద స్విచ్చులకు ఈ జబ్బు అంతగా రాదు. వాటిలో ఆంపియర్ల కొలది విద్యుత్తు పారును. స్పర్శ వద్ద పుట్టు నిప్పురవ్వ పలుచని పొరను కాల్చివేయును. అక్కడి బాధ రవ్వ వలన లోహమే తినుకొనిపోవుట. మన మీటలో పారునది అర మిల్లీఆంపియరు మాత్రమే. ఆ కొద్ది విద్యుత్తుకు జిడ్డును కాల్చు శక్తి లేదు. కావున ఆ పని మనము చేతితో చేయవలెను.

మురికి ఎక్కడిది?

కొంత మన చేతిదే. చెమటలో ఉప్పు, చర్మపు జిడ్డు ఉండును. మిరపకాయ బజ్జీలు, మిక్చరు తిన్న వ్రేళ్ళతో ఆడుట కలదు. తీపి పానీయము ఒలికి ఎండినచో చక్కెర పాకము జిగురువలె నిలుచును. లారీలు ఎడతెగక తిరుగు రహదారి ప్రక్క ఇండ్లలో మెత్తని దుమ్ము మీట చుట్టు సందులగుండా దిగి ఆ జిడ్డుకు అంటుకొనును. ఇవి చాలనట్లు సిలికోన్ రబ్బరు నుండియే సంవత్సరములు గడచిన కొలది కొంత నూనె చెమర్చుట కలదు. పెట్టెలో భద్రముగా దాచిన రిమోటు కూడ పలుకకపోవుటకు ఇదియొక కారణము.

విప్పుటకు ముందు విచారణ

వైద్యుడు కత్తి పట్టుటకు ముందు నాడి చూచును. మనమును కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను.

కొత్త సెల్లులు వేసి చూచినారా? బలహీనమైన సెల్లులతో యంత్రమంతయు తడబడును. మీట పైకి లేచుచున్నదా, రంధ్రములో ఇరుక్కొనియున్నదా? ఇరుక్కొన్నచో లోపము విద్యుత్తుది కాదు, ప్లాస్టిక్ అంచున ఎండిన పాకముది.

చెడినది ఒక్క మీటయా, కొన్నియా? ఇది ముఖ్యమైన ప్రశ్న. గేమ్ బాయ్‌లో ఎనిమిది మీటలకు ఎనిమిది వేరు తీగలు లేవు. నాలుగు దిక్కులు ఒక గుంపు. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్ ఇంకొక గుంపు. గుంపును ఎన్నుకొనుటకు రెండు తీగలు, జవాబు తెచ్చుటకు నాలుగు తీగలు; మొత్తము ఆరింటితో పని జరుగును. కుడి మీట, ఎ మీట ఒకే జవాబు తీగను పంచుకొనును. ఎడమయు బి ఒకటి, పైదియు సెలెక్ట్ ఒకటి, క్రిందిదియు స్టార్ట్ ఒకటి పంచుకొనును. కావున ఎడమ మీట ఒక్కటియే పలుకకున్న దాని స్పర్శను అనుమానింపవలెను. ఎడమ, బి రెండును ఒకేసారి మూగబోయిన వాటి ఉమ్మడి తీగను అనుమానింపవలెను. దిక్కులు నాలుగును పోయి తక్కినవి పలుకుచున్నచో గుంపు తీగను అనుమానింపవలెను. మూత తీయకయే ఇంత తెలియును.

చివరి ప్రశ్న మొదటిదే: గట్టిగా నొక్కిన పలుకుచున్నదా? అవునన్నచో నిశ్చింతగా శుభ్రపరచుటకు పూనుకొనవచ్చును.

బాగుచేయు విధానము

మొదట సెల్లులు తీసివేయవలెను. ఛార్జి చేయు లిథియం బ్యాటరీ గల యంత్రమైనచో పెద్దలు లేకుండ విద్యార్థులు విప్పరాదు. ఆ బ్యాటరీని పొడుచుట, వంచుట, లోహపు పనిముట్టుతో ఎత్తుట ప్రమాదము, మంటలు లేచును. అది ఉబ్బియున్నచో ముట్టక నిపుణునికి అప్పగింపవలెను.

బ్రిక్ గేమ్ వంటి వాటి మూతకు మామూలు స్టార్ స్క్రూలు ఉండును. గేమ్ బాయ్ వెలుపలి మూతకు మూడు రెక్కల గుర్తు గల స్క్రూలు ఉండును. వాటికి వేరు స్క్రూడ్రైవరు కావలెను. సరికాని పనిముట్టుతో త్రిప్పిన తల అరిగి స్క్రూ ఇక రాదు. తీసిన స్క్రూలను, అవి ఉన్న చోట్లు గీసిన కాగితముపై ఆయా స్థానములలో పెట్టుకొనుట మంచి అలవాటు. మూతను ఒక్కసారి లాగరాదు. గేమ్ బాయ్‌లో ముందు భాగమును వెనుక భాగమును కలుపు పలుచని రిబ్బను తీగ కలదు.

బోర్డు ఎత్తగానే రబ్బరు పలక చేతికి వచ్చును. ప్లాస్టిక్ తలలను, రబ్బరు పలకను గోరువెచ్చని సబ్బునీటిలో కడుగవచ్చును. నల్లని బిళ్ళలను వ్రేలికొనతో మెల్లగా రుద్దిన చాలును. మంచినీటితో జాడించి, ఒక రాత్రి నీడలో ఆరనీయవలెను. తడి పూర్తిగా పోకుండ తిరిగి బిగింపరాదు.

బోర్డుపైనున్న దువ్వెన గుర్తులకు నీరు వాడరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తగినది. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు మందుల కర్మాగారములు ఇటువంటి ద్రావణులతోనే నడచును. ఇది జిడ్డును కరగించును, త్వరగా ఆవిరియగును, వెనుక ఏమియు మిగల్చదు. నూటికి 99 పాళ్ళు శుద్ధమైనది ఎలక్ట్రానిక్ సామాను దుకాణములలో దొరకును. ఈ ప్రాంతమువారు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో అడుగవచ్చును. చెవి శుభ్రపరచు దూది పుల్లకు కొద్దిగా తడి చేసి గుర్తుపై మెల్లగా రుద్దవలెను. పుల్ల నల్లబడును. కొత్త పుల్ల తీసికొని, దూది తెల్లగా ఉండు వరకు చేయవలెను. గుర్తు కర్బనపు సిరాది అయినచో అతిగా రుద్దిన సిరాయే లేచిపోవును. రెండు మూడు తుడుపులు చాలును. ఈ ద్రవము సులభముగా అంటుకొనును. కావున పొయ్యి, అగరువత్తి దరిదాపుల లేకుండ, కిటికీ తెరచి పనిచేయవలెను.

ఇంతతో చాల మీటలు తిరిగి పలుకును. పలుకకున్నచో సెల్లులు లేకుండ మల్టీమీటరుతో బిళ్ళను కొలువవలెను. తక్కిన బిళ్ళలు వందల ఓములు చూపుచుండగా ఇది ఒక్కటి వేల ఓములు చూపినచో మసి పొర అరిగినది. పాత రిమోటు రబ్బరునుండి మంచి బిళ్ళను పలుచగా కోసి, సిలికోన్ జిగురుతో అంటింపవచ్చును. మామూలు జిగురులు సిలికోనుకు పట్టవు. జిగురు వాసన వెనిగరువలె ఉన్నచో అది ఆరునప్పుడు ఎసిటిక్ ఆమ్లము వెలువడునని అర్థము. ఆ ఆమ్లము రాగిని తినును గనుక, రబ్బరును బోర్డుకు దూరముగా ఉంచి పూర్తిగా ఆరిన పిమ్మటనే బిగింపవలెను. బిళ్ళ బాగుండి, గుర్తు శుభ్రముగా ఉండియు మీట పలుకకున్నచో తీగ తెగియుండవచ్చును. దానిని సన్నని తీగతో టంకము పెట్టి కలుపుట అనుభవము గలవారి పని. కొన్ని కొత్త యంత్రములలో రబ్బరు బిళ్ళకు బదులు లోహపు రేకు గుమ్మటము గల చిన్న స్విచ్చును బోర్డుకే టంకము పెట్టుదురు. దానిని మార్చుటయు అట్టిదే.

చేయరాని చికిత్సలు

ఉప్పుకాగితముతో గుర్తులను రుద్దువారు కలరు. మొదటి దినము మీట బాగుగా పలుకును. కాని బంగారపు పూత, కర్బనపు సిరా లేచిపోయి రాగి బయటపడును. కొన్ని వారములలో అది గాలికి నల్లబడి, ముందుకన్న అధ్వాన్నమగును.

పెన్సిలు ములుకుతో బిళ్ళను నల్లచేయుట ఇంకొకటి. గ్రాఫైటు వాహకమే గనుక ఇది కొంతకాలము పనిచేయును. కాని ఆ పొడి రాలి దువ్వెన పండ్ల నడుమ చేరినచో నొక్కకయే మీట నొక్కినట్లగును.

చేతులకు రాచుకొను శానిటైజరు వాడరాదు. అందులో సాధారణముగా గ్లిసరిను వంటివి ఉండును. ఆల్కహాలు ఆవిరియైన పిమ్మట అవి జిడ్డుగా మిగులును. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తీయు ఎసిటోను ప్లాస్టిక్కును కరగించును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని భౌతికశాస్త్ర పాఠమునకు ఉపయోగించుకొనవచ్చును. పారవేసిన రిమోటు రబ్బరు, రెండు సన్నని రాగి రేకులు, అట్టముక్క, మల్టీమీటరు, ఒకే రకపు రూపాయి నాణెములు పది కావలెను.

రాగి రేకులను అట్టపై ఒక మిల్లీమీటరు ఎడముతో ప్రక్కప్రక్కగా అంటింపవలెను. మల్టీమీటరు తీగలను చెరియొక రేకునకు కలుపవలెను. ఒక మీట బిళ్ళను రబ్బరునుండి కత్తిరించి, నల్లని వైపు క్రిందికి ఉండునట్లు రెండు రేకులపై పెట్టి, దానిపై నాణెములను ఒకటొకటిగా పేర్చుచు, ప్రతిసారి నిరోధమును వ్రాసికొనవలెను. నాణెముల సంఖ్యను అడ్డముగా, నిరోధమును నిలువుగా గ్రాఫు గీయవలెను. తరువాత రేకులపై కొబ్బరినూనె కొద్దిగా పూసి, సుద్దపొడి చల్లి, తిరిగి కొలువవలెను. చివరకు శుభ్రముగా తుడిచి మూడవసారి కొలువవలెను. మూడు గీతలను ఒకే కాగితముపై ఉంచినచో బరువునకు, మురికికి, నిరోధమునకు గల సంబంధము విద్యార్థికి పుస్తకము చెప్పకయే తెలియును. మొదటి గీతయు మూడవ గీతయు ఎంత దగ్గరగా ఉన్నవో చూచిన, శుభ్రము ఎంత బాగుగా జరిగినదో కూడ తెలియును.

పారవేసినచో ఎక్కడికి పోవును?

ఒక చిన్న మీట కొరకు ఇంత శ్రమ ఎందుకని అడుగువారు ఉండవచ్చును. ఆటయంత్రము సర్క్యూట్ బోర్డులో రాగి, తగరము, కొద్దిగా బంగారము ఉన్నవి. పాత యంత్రముల టంకములో సీసము కలదు. నూటికి 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము గల మిశ్రమము చాలకాలము లోకమంతట వాడుకలో ఉండెను. ఐరోపా దేశములు 2006 జులైనుండి ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసమును అదుపు చేసిన పిమ్మటనే సీసము లేని టంకము విస్తరించినది. మన అటకలపైనున్న బ్రిక్ గేములు అంతకు ముందువి. వీటిని రాగి కొరకు బహిరంగముగా కాల్చినచో సీసము, విషవాయువులు గాలిలో, నేలలో చేరును.

నేలలో చేరిన విషము ఎక్కడికి పోవునో పటాన్‌చెరు ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి కర్మాగారముల వ్యర్థజలము ఇసుకవాగు, నక్కవాగులగుండా మంజీరకు చేరి, చెరువులను, బావులను, పొలములను పాడుచేసిన కథ 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. ఒకసారి పాడైన నీటిని బాగుచేయుట మీటను బాగుచేసినంత సులభము కాదు.

చట్టము కూడ ఈ వస్తువును మరువలేదు. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమావళి, 2022, తన పట్టికలో చేతి వీడియో ఆటయంత్రములను పేరు పెట్టి చేర్చినది. నిజముగా పనికిరాని యంత్రమును గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వవలెను. అయితే ఇవ్వదగినది నిజముగా పనికిరానిది మాత్రమే. జిడ్డు పొర ఒకటి అడ్డు వచ్చినందుకు, చెక్కుచెదరని చిప్పును, తెరను, బోర్డును వ్యర్థములలో చేర్చుట నష్టము.

ఉన్నత పాఠశాలలలో ప్రతి తరగతిలోను ఇంట మూలబడిన రిమోటు, కాల్‌క్యులేటరు, ఆటయంత్రము గల విద్యార్థులు కొందరైనను ఉందురు. ఒక శనివారము మధ్యాహ్నము వాటిని బడికి తెప్పించి, విప్పుటకు ముందు ప్రతి విద్యార్థిచేత లోపము ఎక్కడ ఉండునో కారణముతో సహా కాగితముపై వ్రాయించి, తరువాత విప్పి చూపించినచో, ఊహ, పరీక్ష, నిర్ణయము అను శాస్త్ర విధానము వారి చేతికి వచ్చును. కొన్ని యంత్రములు పలుకవు. ఎందుకు పలుకలేదో తెలిసికొనుటయు పాఠమే. పలికినవి మాత్రము ఇంటికి తిరిగిపోయి మరికొన్ని సంవత్సరములు పనిచేయును.